లైట్ రోస్టులో పాలు పోసిన కేసు

మా ఆఫీసులో ఎవరికి ఏ కాఫీ ఇష్టమో వాళ్ళకి తెలియదు. శాఖ నిర్ధారించి చెబుతుంది. చెప్పాక దాన్ని సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీకి కింద, పుట్టుమచ్చలకి పైన రాస్తారు.

ఆ నిర్ధారించే యాప్ రాసింది నేనే. నా పేరు నీహారిక. కంప్యూటర్ సైన్స్ చదివాను. రెండు కంపెనీలు నన్ను వద్దనుకుని, ఒకదాన్ని నేను వద్దనుకున్నాక, విశాఖపట్నంలో రాష్ట్ర అభిరుచుల డైరెక్టరేట్‌లో కాంట్రాక్టు మీద చేరాను. ఈ డైరెక్టరేట్ ఏం చేస్తుందని ఇంటర్వ్యూలో అడిగితే, "అదే మీరు వెబ్‌సైట్‌లో పెట్టాలి" అన్నారు.

అప్పటికి ఆఫీసు మొత్తానికి ఒకటే కాఫీ. కింద కాంటీన్‌లో సూరమ్మ పెట్టేది. చికోరీ దండిగా, పాలు ఇంకా దండిగా, పంచదార మన ప్రమేయం లేకుండా. అది బావుందని గానీ బాలేదని గానీ ఎవరూ అనేవారు కాదు. పదకొండయింది కాబట్టి తాగేవారు.

ఇలా ఉండగా మా డైరెక్టరు తారకేశ్వర్ గారు చిక్‌మగళూరులో కాఫీ రుచుల మీద ఏదో వర్క్‌షాప్‌కి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక చిన్న గ్రైండరు, కళ్ళలో ఒక వెలుగు ఉన్నాయి. మర్నాడే అందరినీ కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా, గింజ అబద్ధం చెప్పదు. లైట్‌గా వేయించామా, అది పుట్టిన నేల మాట్లాడుతుంది. ఒక కొండ గింజ నిమ్మకాయలా ఉంటుంది, ఇంకో కొండది బెల్లంలా, మరోటి మల్లెపూవులా. మీడియంగా వేయిస్తే నేల సగం, నిప్పు సగం. నల్లగా వేయించామా, నేల చచ్చిపోతుంది. ఏ ఊరి గింజైనా ఒకటే చేదు, ఒకటే పొగ. అక్కడ మాట్లాడేది పెనం."

నిజానికి ఆయన చెప్పింది చాలావరకు నిజమే. తర్వాత చదివి చూశాను. మా ఆఫీసులో ఏ గొడవైనా నిజంతోనే మొదలవుతుంది.

పక్కన కూర్చున్న హైమక్క నా చెవిలో అడిగింది. "అయితే సూరమ్మ కాఫీలో ఏం మాట్లాడుతుందే?"

"చికోరీ."

హైమక్క అంటే కోరాడ హైమవతి, సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో నాకు ఉన్న ఒక్క స్నేహితురాలు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో తీసుకోని మనిషి. ఆ మాట ఆవిడ చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబితే కాసేపు కొంగు సర్దుకుంటుంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "విషయం: ఉద్యోగుల కాఫీ అభిరుచి – శాస్త్రీయ నిర్ధారణ – ఆదేశములు జారీ చేయడమైనది." దాని సారాంశం ఏమిటంటే, ఉద్యోగి తనకి ఫలానాది ఇష్టమని స్వయంగా చెప్పుకుంటే అది సాక్ష్యం కాదు. శాఖ రుచి చూపించి, యాప్ ద్వారా నిర్ధారిస్తుంది. ఒకసారి నిర్ధారించిన అభిరుచి అంతిమము. మార్పు కోరుచూ వచ్చు విజ్ఞప్తులు పరిశీలించబడవు.

రోస్టు సంగతి వేరు. అది నాలుకని బట్టి కాదు, నడవడికని బట్టి. సర్వీసులో మచ్చ లేనివాళ్ళందరూ లైట్. మెమో ఉన్నవాళ్ళు మీడియం. ఛార్జిషీటు అందుకున్నవాళ్ళు డార్క్. లైట్ రోస్టులో పాలు, పంచదార కలుపుట నేల గొంతు నొక్కుట అగును గనుక, తీవ్ర దుష్ప్రవర్తనగా పరిగణించి ఛార్జిషీటు ఇవ్వబడును.

యాప్ రాస్తున్నప్పుడు డైరెక్టరు గారు నా కుర్చీ వెనకే నిలబడేవారు.

"డార్క్ వాళ్ళకి నేల ఏం పెట్టమంటారు సార్?"

"డార్క్‌లో నేల ఎక్కడుందమ్మా? చచ్చిపోయింది కదా. ఖాళీ పెట్టు."

రోస్టు డార్క్ అయితే నేల ఖాళీ అని ఒక లైను రాశాను. ఒకే ఒక్క లైను. దాని గురించి తర్వాత చెబుతాను.

రుచి చూసే రోజు ముందర మా అకౌంట్స్ ఆఫీసరు మురహరి గారికి నిద్ర పట్టలేదట. పాడేరు గింజ, చిక్‌మగళూరు గింజ, వయనాడ్ గింజ, ఇథియోపియా గింజ. నాలుగూ నాలుగు ధరలు.

"ఒకే కేడరులో ఉన్న ఉద్యోగుల్లో ఒకడి కప్పులో ఖరీదైన గింజ, ఇంకొకడి కప్పులో చవక గింజ ఉంటే రేపు ఆడిట్‌కి నేనేం సమాధానం చెప్పాలి?" అన్నారు స్టోర్స్‌లో.

స్టోర్స్ వాళ్ళు ఆలోచించి, నాలుగు బస్తాలూ ఒక డ్రమ్ములో పోసి, బాగా కలిపి, మళ్ళీ నాలుగు సమాన భాగాలు చేసి, ఏ బస్తా చీటీ ఆ బస్తాకే అంటించారు. మురహరి గారు తృప్తి పడ్డారు. ఈ సంగతి డైరెక్టరు గారికి ఫైలు ద్వారా తెలియజేయడం జరిగింది. ఆ ఫైలు ఇంకా వస్తోంది.

కాబట్టి మర్నాడు హాల్లో అందరూ తాగిన నాలుగు కప్పుల్లోనూ ఉన్నది ఒకటే కాఫీ. తాగడం అంటే మామూలుగా కాదు, చెంచాతో తీసుకుని జుర్రుమని పీల్చాలి. యాభై మంది గుమాస్తాలు ఒకేసారి పీలుస్తుంటే పంచాయతీ కుళాయికి నీళ్ళు రాబోతున్నట్టుంది.

హైమక్క వంతు వచ్చింది. మొదటి కప్పు తాగి, "బాగానే ఉంది" అంది.

"బాగానే ఉందంటే యాప్ తీసుకోదక్కా. నిమ్మకాయా, బెల్లమా, మల్లెపూవా, వేరుశెనగా?"

"వేడిగా ఉంది."

"అది కూడా లేదు."

ఆవిడ నాలుగు కప్పులూ వరసగా పీల్చి, మళ్ళీ మొదటి కప్పు దగ్గరకి వచ్చింది. వెనక లైను పెరుగుతోంది.

"బెల్లం పెట్టెయ్యవే. మా ఆయనకి బెల్లం ఇష్టం."

పెట్టేశాను. నేల: పాడేరు, రోస్టు: లైట్, నిర్ధారణ: తొంభై ఒక్క శాతం. ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడక్కండి. శాతం లేకపోతే జనం నమ్మరు.

డైరెక్టరు గారిదీ పాడేరే. అందరికంటే ముందు ఆయనే కూర్చుని, కళ్ళు మూసుకుని, "బెల్లం... తడిసిన మట్టి... మిరియాల తీగ" అన్నారు. మన కొండ, మన గింజ అనడంలో కొంచెం రాజకీయ సౌలభ్యం కూడా ఉంది లెండి. ఆయన సర్టిఫికెట్ నంబరు ఒకటి. ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించారు.

ఆఫీసు మారిపోయింది. లైట్ వాళ్ళకి మూడో అంతస్తులో ఏసీ హాలు, పింగాణీ కప్పులు. అందులో కాఫీ చూడ్డానికి నీరసంగా, తాగడానికి పుల్లగా ఉండేది. తాగినవాళ్ళు మొహం చిట్లించకుండా తాగేవాళ్ళు. డార్క్‌లో ఉన్నది డిస్పాచ్ గవర్రాజు గారు ఒక్కరే. ఎప్పుడో టపా బస్సులో మర్చిపోయిన కేసు. ఆయన కింద కాంటీన్‌లో, సూరమ్మ నల్లగా మాడ్చి పాలు పోసిచ్చిన కాఫీ స్టీలు గ్లాసులో తాగుతూ, పైనుంచి దిగేవాళ్ళని చూసి, "ఏం సార్, నేల ఏమంటోంది ఇవాళ?" అని అడిగేవారు.

ఇక్కడితో ఆగితే బావుండేది. కానీ శాస్త్రం ఆగదు. "నేల పిలుపు" అని రెండో ఉత్తర్వు వచ్చింది. ఏ నేల రుచి ఏ ఉద్యోగి నాలుకకి నిర్ధారణ అయిందో, ఆ ఉద్యోగి ఆ నేలకి చేరువలో పనిచేయుట వలన ఉత్పాదకత పెరుగును. పాడేరు కొండల్లో సబ్ ఆఫీసు మంజూరు అయినది.

చిక్‌మగళూరు, వయనాడ్ వచ్చినవాళ్ళు పక్క రాష్ట్రాలతో ఉత్తరప్రత్యుత్తరాలు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటారు. ఇథియోపియా వచ్చిన ఇద్దరు పాస్‌పోర్టుకి అప్లై చేశారు. వెంటనే కదలాల్సింది పాడేరు వాళ్ళు. డైరెక్టరు గారు హెడ్ ఆఫీసు మనిషి కాబట్టి ఆయన గురించి ఎవరూ ఆలోచించలేదు, ఆయనతో సహా. హైమక్కకి మాత్రం నెలాఖరులోగా చేరమని ఆర్డరు వచ్చింది.

ఇక్కడ హైమక్క సంగతి చెప్పాలి. ఆవిడ భర్త నూకరాజు గారు పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఆయన విశాఖపట్నంలో, ఆవిడ కర్నూలులో. తర్వాత కడపలో. తర్వాత మళ్ళీ కర్నూలులో. పెళ్ళైన ఇన్నేళ్ళకి, కిందటి ఏడాది ఆవిడకి ఇక్కడ పోస్టింగ్ వచ్చింది. మొగుడు గురక పెడతాడని మొన్నే తెలిసిందని నాతో చెప్పి ఎంత మురిసిపోయిందో. గురక మాన్పించే చిట్కాలు ఫోన్లో చూపిస్తే వద్దంది. "ఉండనీవే. వినపడుతోంది కదా."

ముందు భార్యాభర్తల కోటాలో దరఖాస్తు పెట్టింది. మురహరి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"మీ వారి అభిరుచి?"

"టీ అండి."

"టీ ఈ శాఖ పరిధిలోకి రాదు."

తర్వాత ఇద్దరం డైరెక్టరు గారి దగ్గరకి వెళ్ళాం. ఆయన మా మాట శ్రద్ధగా విన్నారు. అది కూడా చెప్పుకోవాలి, మనిషి చెడ్డవాడు కాదు. తను చెప్పేది పూర్తిగా నమ్ముతాడు, అంతే.

"అమ్మా హైమవతీ, దీన్ని మీరు బదిలీ అనుకోకండి. ఇది పునస్సమాగమం. మీ నాలుక తన నేలని చేరుకుంటోంది."

"నాలిక ఒక్కదాన్నే పంపితే నాకేం ఇబ్బంది లేదండి. మిగతాదాన్ని కూడా పంపుతున్నారు కదా."

"అభిరుచి అంతిమం అమ్మా. నేను మార్చినా మారదు."

బయటికి వచ్చి కాంటీన్ మెట్ల మీద కూర్చున్నాం. హైమక్క ఏడవలేదు. కొంగుతో కళ్ళజోడు తుడుస్తూ కూర్చుంది. పదే పదే అదే అద్దం. అప్పుడు నాకు ఆ లైను గుర్తొచ్చింది.

"అక్కా, డార్క్ అయితే నేల ఖాళీ. నేనే రాశాను. నేల ఖాళీ అయితే నిన్ను పంపడానికి చోటు లేదు."

"డార్క్ అవ్వాలంటే?"

"ఛార్జిషీటు."

అద్దం తుడవడం ఆగింది. "పంతొమ్మిదేళ్ళే. ఒక్క లేటు లేదు. ఒక్క మెమో లేదు."

"ప్రాబ్లం అదే కదక్కా."

కాసేపు నేరాల గురించి మాట్లాడుకున్నాం. చెప్పకుండా సెలవు పెడితే మెమోతో సరిపెడతారు, మీడియం దాకానే వెళ్తుంది. "పోనీ లంచం తీసుకుందామంటే మన శాఖకి ఎవడొస్తాడే ఇవ్వడానికి?" అంది. నిజమే. ఆఫీసు పెట్టాక బయటివాడు వచ్చింది ఒక్కసారే, అది కూడా బాత్రూం ఎక్కడని.

"పాలు" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. వెనక గిన్నె తోముతున్న సూరమ్మ తల ఎత్తింది.

"ఏటమ్మా, కాఫీలో పాలు పోత్తే ఉజ్జోగం పోద్దేటి?"

"పోదు సూరమ్మా. ఉంటుంది" అంది హైమక్క, లేచి చీర దులుపుకుంటూ. "రేపు పదకొండింటికి ఓ గ్లాసు పాలు కాచి ఉంచు. మీగడ తియ్యకు."

మర్నాడు మూడో అంతస్తు హాల్లో అందరూ పింగాణీ కప్పుల ముందు కూర్చుని ఉన్నారు. డైరెక్టరు గారు స్వయంగా ఒంపుతున్నారు. హైమక్క పట్టుచీర కట్టుకొచ్చింది. తొలి నేరం కదా, మర్యాదగా చెయ్యాలనుకుందేమో. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసింది. కప్పు నిండేదాకా పాలు పోసింది. పంచదార వేసింది. మళ్ళీ వేసింది. కలిపింది. ఆ చెంచా చప్పుడు తప్ప హాల్లో ఏ చప్పుడూ లేదు. ఆఖరికి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక బిస్కెట్టు తీసి, అందులో ముంచి, నోట్లో పెట్టుకుంది.

డైరెక్టరు గారి చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది. "హైమవతి గారూ. అది లైట్ రోస్టు."

"తెలుసండి. అందుకే పోశాను."

విచారణాధికారిగా మురహరి గారిని వేశారు. నేను టైపు చేశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

"పాలు పొరపాటున ఒలికినవా, ఉద్దేశపూర్వకముగా పోసినవా?"

"ఉద్దేశపూర్వకంగానేనండి."

"బిస్కెట్టు ముంచుట ముందుగా అనుకున్నదా, అప్పటికప్పుడు తట్టినదా?"

"అది అప్పటికప్పుడేనండి. బ్యాగులో కనపడింది."

"పశ్చాత్తాపము కలదా?"

"ఇంకో చెంచా పంచదార పడాల్సిందండి."

సాయంత్రానికి ఆర్డరు. రోస్టు: డార్క్. నేను యాప్‌లో మార్చి ఎంటర్ నొక్కాను. నేల ఖాళీ అయింది. బదిలీ ఉత్తర్వు దానంతటదే రద్దయి, "నేల లేని ఉద్యోగిని ఏ నేలకును పంపజాలము" అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

హైమక్క ఆర్డరు కాపీ అందుకుంది. సంతకం పెట్టి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, కిటికీ దగ్గరకి వెళ్ళి ఫోన్ చేసింది. "ఏవండీ, డార్క్ అయిపోయాను. లేదు, లేదు, మంచిదే. రాత్రికి చేపల పులుసు పెడతాను. ముక్కలు కొట్టించి పట్రండి." ఫోన్ పెట్టేశాక మాత్రం నాతో మెల్లగా అంది. "పంతొమ్మిదేళ్ళు కదే. ఏదో కొంచెం బాధ ఉంటుంది."

మర్నాడు మిగతా పాడేరు వాళ్ళంతా పాల ప్యాకెట్లతో వచ్చారు. వాళ్ళలో ఒకాయన తోడుకి పెరుగు కూడా తెచ్చాడు, కేసు గట్టిగా ఉండాలని. ఆ తర్వాత చిక్‌మగళూరు వాళ్ళు. పక్క రాష్ట్రం ఎక్కడ జవాబు రాస్తుందోనని భయం. ఆ తర్వాత ఏ భయమూ లేనివాళ్ళు కూడా పోశారు. డార్క్ అయితే కింద సూరమ్మ కాఫీ దొరుకుతుంది కదా, అది చాలు. పాలవాడు ఆఫీసు గేటు దగ్గరే సైకిల్ స్టాండు వేసుకున్నాడు. మురహరి గారు రోజంతా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "ఉద్దేశపూర్వకమేనా?" "ఉద్దేశపూర్వకమే." "తర్వాత." చివరికి తన విచారణ తనే చేసుకుని, తనకి తనే ఛార్జిషీటు ఇచ్చుకుని, అందినట్టు సంతకం పెట్టుకున్నారు.

దీనికి బాధపడింది గవర్రాజు గారు. "ఇన్నాళ్ళూ డార్క్ అంటే నేనొక్కణ్ణే. అదో లెక్కుండేది. ఇప్పుడు గ్లాసు పెట్టుకోడానికి బల్ల కూడా ఖాళీ ఉండట్లేదు."

పైన ఏసీ హాల్లో డైరెక్టరు గారు ఒక్కరే మిగిలారు. రోజూ పదకొండింటికి వెళ్ళి, ఒక కప్పు ఒంపుకుని, జుర్రుమని పీల్చేవారు. ఆ శబ్దం మెట్ల దాకా వినిపించేది. ఒంటరిగా వినిపిస్తే ఆ శబ్దం వేరేగా ఉంటుంది.

ఇంతలో ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. పాడేరు సబ్ ఆఫీసుకి భవనం అద్దెకి తీసుకున్నారు, బోర్డు రాయించారు, చేరినవారి వివరాలు వెంటనే పంపవలెను. మురహరి గారు నన్ను రికార్డు తీయమన్నారు. తీశాను. నేల కాలమ్ కింద వరసగా ఖాళీ, ఖాళీ, ఖాళీ. పైన ఒక్క పేరు. సర్టిఫికెట్ నంబరు ఒకటి. నేల: పాడేరు. రోస్టు: లైట్. సర్వీసులో మచ్చ లేదు.

ఈ ఫైలు మాత్రం వెంటనే చేరింది. నేనే పట్టుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు.

"సార్, మీరు కూడా ఓ చుక్క పాలు పోసుకుంటే..." అన్నాను.

"నేను పోసుకోలేనమ్మా" అన్నారు. అందులో డాంబికం ఏమీ లేదు. నిజంగానే పోసుకోలేరు. పెన్ను తీసి సంతకం పెట్టారు. "నేను రాసిన రూలే కదా."

వీడ్కోలు రోజు దండ వేశాం. సూరమ్మ పెద్ద గ్లాసుతో కాఫీ తెచ్చింది. ఆయన వాసన చూసి, ఒక్క క్షణం ఆగి, "వద్దమ్మా, నేను లైట్" అన్నారు. జీపెక్కి గ్రైండరు ఒళ్ళో పెట్టుకున్నారు.

చాలా రోజుల తర్వాత నాకు ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం ఏదో గుట్ట ఎక్కినట్టున్నారు, ఆయాసం వినిపిస్తోంది.

"అమ్మా నీహారికా, యాప్‌లో ఒక సమస్య వచ్చింది. ఇక్కడ కాఫీ పండించే రైతులందరికీ రుచి పరీక్ష పెట్టాను. ఒక్కరికీ నేల రావడం లేదు."

"ఎందుకని సార్?"

"వీళ్ళు కాఫీ తాగరట. గింజ కోసి ఎండబెట్టి అమ్మేస్తారు. రూలు ప్రకారం చూస్తే పాడేరు నేల రుచి ఉన్న స్థానికుణ్ణి ఈ కొండ మీద నేనొక్కణ్ణే. మిగతా ఊరంతా స్థానికేతరులు. వీళ్ళని ఎక్కడికి బదిలీ చెయ్యాలో యాప్ చెప్పడం లేదు."

"మరి వాళ్ళేం తాగుతారు సార్?"

"చోడి అంబలి. రాగులతో కాస్తారు." గాలి చప్పుడు. "పొద్దున్నే ఇస్తారమ్మా. చల్లగా, కొంచెం పులిసి ఉంటుంది. ఉల్లిపాయ నంజుకోమంటారు. మొదటి రోజు మొహమాటానికి తాగాను. ఇప్పుడు... ఇప్పుడు గ్రైండరు తీసి చాలా రోజులైంది."



ఆయన గొంతు తగ్గించారు. గుట్ట మీద ఎవరు వింటారో మరి. "మన సర్టిఫికెట్ ఉంది కదమ్మా, నంబరు ఒకటి. దాంట్లో కాఫీ తీసేసి అంబలి అని పెట్టడానికి ఏమైనా వీలుంటుందా?"

ఉత్తర్వులో ఉన్నదే చెప్పాను.

"ఒకసారి నిర్ధారించిన అభిరుచి అంతిమము సార్. మార్పు కోరుచూ వచ్చు విజ్ఞప్తులు పరిశీలించబడవు."

"కరెక్టే, కరెక్టే" అన్నారు ఆయన. ఫోన్ పెట్టేశాననుకున్నట్టున్నారు. అవతల గుట్ట మీదికి అంబలి తెచ్చిన ఎవరో ఆడమనిషి "ఇంకొంచెం పొయ్యనా బాబూ" అని అడగడం, "సగం చాలమ్మా" అని ఆయన అనడం, లోటా అంచుదాకా నిండుతున్న చప్పుడు, అన్నీ వినిపించాయి.